అరవై ఒకటో మ్యాచ్

ప్రెస్సు, ప్రూఫుల గది
జూన్ 4

అన్నయ్యా,

కవరు మీద నా దస్తూరీ చూసి ఎవరికేమైందోనని కంగారు పడి ఉంటావు. ఎవరికీ ఏమీ కాలేదు, కూర్చుని చదువు. ఫోను చేస్తే నువ్వు 'ఆఁ', 'ఊఁ', 'సరే ఉంటా' తప్ప నాలుగో మాట మాట్లాడవు. అదే కాగితం చేతికిస్తే నిన్ను ఆపేవాడుండడు. అందుకని ఉత్తరం.

మన ఊళ్ళో రేవు జట్టుకీ మిల్లు జట్టుకీ సెప్టెంబరులో వందో ఫుట్‌బాల్ మ్యాచ్. రెండు క్లబ్బులూ కలిసి చరిత్ర పుస్తకం వేస్తున్నాయి. అచ్చు పని మా ప్రెస్సుకే వచ్చింది. అట్ట మీద ముందు ఎవరి పేరు ఉండాలన్న దాని మీద ఇద్దరు కార్యదర్శులూ మా యజమాని గదిలో మూడు రోజులు వాదించుకున్నారు. చివరికి పుస్తకానికి రెండు వైపులా రెండు అట్టలు వేయమన్నారు. ఎటునుంచి తెరిస్తే ఆ జట్టు ముందన్నమాట. ఈ తెలివిలో పావు వంతు ఆటలో చూపించి ఉంటే రెండు జట్లూ ఎక్కడో ఉండేవి.

రాసే పని నా నెత్తిన పెట్టారు. "పుట్టిల్లు రేవు, మెట్టినిల్లు మిల్లు. నీకంటే పక్షపాతం లేనిది ఎవరమ్మా?" అన్నారు. పక్షపాతం లేకపోవడం కాదు, గోడ మీద పిల్లి బతుకు. పెళ్ళయ్యాక మొదటి మ్యాచ్‌కి తూర్పు వైపు కూర్చుంటే అత్తగారు మాట్లాడదు, పడమర వైపు కూర్చుంటే నాన్న మాట్లాడడు. చివరికి మూల జెండా పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాను. అప్పట్నుంచీ నా చోటు అదే.

నువ్వు పన్నెండేళ్ళు ఆ మైదానానికి సున్నం గీతలు గీసినవాడివి. నీకు ముందున్న ముసలాయన కథలన్నీ నీ దగ్గరే ఉన్నాయి. గుర్తున్నవన్నీ రాసి పంపు. జవాబు ప్రెస్సు చిరునామాకే రాయి, ఇంటికి వద్దు.

ఎందుకో నీకు తెలుసు. మీ బావ దగ్గర నీ పేరెత్తితే ఇప్పటికీ లేచి చెప్పులు వేసుకుంటారు. వందో మ్యాచ్ రోజు పాత ఆటగాళ్ళందరినీ జెర్సీలతో మైదానంలోకి నడిపిస్తారట. ఆయనకీ కార్డు వచ్చింది. చదివి, మడిచి, తెచ్చిన మనిషికే తిరిగి ఇచ్చేశారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ గేటు దాటలేదు అన్నయ్యా. ఒక్కసారి, ఒక్కసారి ఆయన ఆ గడ్డి మీద తలెత్తుకుని నడిస్తే చూడాలని ఉంది. నాకు అంతకు మించిన కోరికలేవీ లేవు.

నీ చెల్లెలు


మైదానం, పనిముట్ల గది
జూన్ 15

పిడుగూ,

నీ ఉత్తరం చదువుతూ నవ్వుతుంటే ఇక్కడి వాచ్‌మన్ తలుపు తీసి చూసి వెళ్ళాడు. ఈ ఊరి మైదానంలో నేను నవ్వడం ఎవరూ చూసినట్టు లేరు.

రాసుకో. మొదటి మ్యాచ్ నాడు బంతి రేవువాళ్ళది, నేల మిల్లువాళ్ళది. మిల్లు గుడ్డలు ఆరేసుకునే ఖాళీ స్థలం అది. ఆదివారం గుడ్డలు తీసేసి ఆడారు. వలలు లేవు, రిఫరీ లేడు. మూడు-రెండు మేం గెలిచామని రేవు పుస్తకంలో ఉంది, రెండు-రెండు సమానమని మిల్లు పుస్తకంలో ఉంది. రెండూ ఈనాటికీ అలాగే ఉన్నాయి. నువ్వు కూడా రెండు అట్టల వైపూ రెండు లెక్కలు వేసెయ్యి, గొడవ ఉండదు.

పద్నాలుగో మ్యాచ్ మర్చిపోకు. ఆట మధ్యలో మిల్లు సైరన్ మోగింది, షిఫ్టు మారే సైరన్. ఇరవై ఏళ్ళ అలవాటు కదా, మిల్లు జట్టు పదకొండు మందీ ఆట వదిలేసి గేటు వైపు నడవడం మొదలుపెట్టారు. సగం దూరం వెళ్ళాక గుర్తొచ్చింది. అప్పటికి రేవువాళ్ళు నింపాదిగా నడుచుకుంటూ వెళ్ళి గోలు కొట్టేశారు. గోలీ కూడా నడిచిపోయాడా అని ముసలాయన్ని అడిగితే, "వాడే అందరికంటే ముందు" అన్నాడు.

ముప్పై మూడో మ్యాచ్ రంగు మ్యాచ్. మిల్లువాళ్ళు సొంత రంగు వేసుకుని కొత్త నీలం జెర్సీలు కుట్టించుకున్నారు. వాన పడింది. సగం ఆటకల్లా వాళ్ళ జెర్సీలు తెల్లబడి, పట్టుకుని లాగిన పాపానికి రేవువాళ్ళవి నీలం అయ్యాయి. ఎవరు ఎవరికి బంతి ఇస్తున్నారో తెలియక రిఫరీ చేతులెత్తేశాడు.

యాభై నుంచి అరవై దాకా నేను కళ్ళారా చూసినవి. విడిగా కాగితాల మీద రాసి పెట్టాను, దీంతోనే పంపుతున్నాను. అరవై రెండు నుంచి నాకు తెలియదు, అప్పటికే బదిలీ చేయించుకుని ఇక్కడికి వచ్చేశాను.

ఈ డిసెంబరుతో నా ఉద్యోగం అయిపోతుంది. గడ్డి ఎలా ఉంది అక్కడ? ఉత్తరం వైపు నీళ్ళు నిలుస్తున్నాయా ఇంకా?

అన్నయ్య


ప్రెస్సు, ప్రూఫుల గది
జూన్ 24

అన్నయ్యా,

సైరన్ కథ చదివి కంపోజింగు వాళ్ళు పని ఆపేసి నవ్వారు. మిల్లు కార్యదర్శి మాత్రం అది తీసెయ్యమని ఒకటే పోరు. తీయనని చెప్పాను.

కానీ నేను ప్రూఫులు దిద్దే మనిషిని. పోయిన అక్షరం నాకు ముందు కనిపిస్తుంది. అరవై దాకా రాశావు, అరవై రెండు నుంచి తెలియదన్నావు. మధ్యలో ఒకటి ఉంది కదా.

నువ్వు మర్చిపోయావని అనుకోను. అది కప్పు మ్యాచ్. పంతొమ్మిదేళ్ళుగా రేవుకి కప్పు లేదు. మంచం దిగని నాన్నని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకొచ్చారు. ఒకటి-ఒకటి మీద ఉంది, రెండు నిమిషాలుంది. రేవు జట్టులో 'రైలు' అని పిలిచేవాళ్ళే, ఒకసారి పరుగెత్తితే ఆగడం తెలియని మనిషి, అతను కొట్టాడు. మీ బావ పక్కకి పడి స్తంభానికి ఆనుకుని రెండు చేతులా బంతి పట్టేశారు. లైన్‌మన్ జెండా ఎత్తాడు. బంతి గీత దాటిందన్నాడు. గోలు.

కార్యదర్శులిద్దరూ కలిసి రాసి ఇచ్చిన వాక్యం ఇదిగో: "ఆఖరి క్షణంలో మిల్లు గోలీ పట్టిన బంతిని తానే గీత లోపలికి లాక్కోవడంతో రేవు జట్టు కప్పు గెలిచింది." రేవువాళ్ళు రాశారంటే సరే. మిల్లు కార్యదర్శి కూడా దాని కింద సంతకం పెట్టాడు. ఆయన సొంత జట్టే ఆయన్ని అంటుంటే ఎవరితో చెప్పుకోను? మిల్లు క్యాంటీన్లో ఇప్పటికీ టీ గ్లాసు అందించేటప్పుడు "జాగ్రత్త, లోపలికి లాక్కోకు" అంటారట. ఆయన మగ్గాలు బాగుచేసే మనిషి, అరచేయంత స్క్రూ నుంచి ఆవగింజంత స్క్రూ దాకా ఆ చేతుల్లోంచి ఒక్కటి జారదు. ఆ చేతుల్ని అంటారు.

ఈ వాక్యం నా చేత్తో అచ్చుకి పంపించాలి. ఆ పేజీ ఆగస్టు ఇరవైన మిషను ఎక్కుతుంది. వాక్యం ఇలాగే వెళ్తే ఆయన ఆ గేటు దాటడం ఇక ఈ జన్మకి లేదు.

నువ్వు ఆ రోజు ఆ గోలు వెనకే నిలబడ్డావు. ఏం చూశావో రాయి. అంతే అడుగుతున్నాను.

నీ చెల్లెలు


మైదానం, పనిముట్ల గది
జూలై 6

చెల్లెమ్మకు,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ వానలు మొదలయ్యాయి, పని తెమలడం లేదు. తుంగ ఒక పక్క పీకుతుంటే ఇంకో పక్క లేస్తోంది.

ఎప్పటి మాటో ఇప్పుడు తవ్వితే ఎవరికి లాభం? ఆ వాక్యం నచ్చకపోతే తీసేసి స్కోరు మాత్రం వెయ్యి. బావకి కోపం తగ్గాలంటే కాలమే తగ్గించాలి.

ఆరోగ్యం చూసుకో.

అన్నయ్య


ప్రెస్సు
జూలై 14

అన్నయ్యా,

చెల్లెమ్మకు అట. నన్ను నువ్వు ఎప్పుడు అలా పిలిచావు?

కాలం తగ్గిస్తుందట. ముప్పై ఒక్క ఏళ్ళు సరిపోలేదు, ఇంకెన్నేళ్ళు కావాలో ఆ లెక్క కూడా రాయి. వానల గురించీ తుంగ గురించీ రాయడానికి మాత్రం నీకు వాక్యాలు దొరికాయి.

ఆ సాయంత్రం ఆయన మన ఇంటికి వచ్చారు, తడి జెర్సీతో. మెట్ల దగ్గర నిలబడి నిన్ను అడిగారు: "బావా, నువ్వు వెనకే ఉన్నావు. నువ్వు చెప్పు. నీ మాట నమ్ముతాను." నేను ఆయన వెనకే గొడుగు పట్టుకుని ఉన్నాను. నువ్వు నేల చూస్తూ "నేను చూడలేదు" అన్నావు. ఆ ఆరు అక్షరాల ముక్కకి ఆయన ఎలా వెనక్కి తిరిగారో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. ఆ తర్వాత నాన్న పోయినప్పుడు వచ్చావు, ఇద్దరూ చెరో గోడకి నిలబడ్డారు, వెళ్ళిపోయావు.

మీరిద్దరూ ఎలా ఉండేవాళ్ళు. సాయంత్రమైతే ఒకరికోసం ఒకరు వీధి చివరి దాకా నడిచేవాళ్ళు. నన్ను చూడ్డానికి వస్తున్నానని చెప్పి వచ్చేవాడివి, నాతో పది నిమిషాలు కూడా కూర్చునేవాడివి కాదు.

నీళ్ళు నమలకు. చూశావు, లేదా చూడలేదు. చూడలేదనే మళ్ళీ రాస్తే ఇక అడగను. కానీ నిజంగా చూడనివాడు ఊరు వదిలి ఎందుకు వెళ్ళిపోతాడో నాకు అర్థం కాలేదు.

నీ చెల్లెలు


నా గది
జూలై 27

పిడుగూ,

ఇది నాలుగోసారి రాయడం. ముందు మూడూ చింపేశాను. ఇది బాగున్నా బాగోకపోయినా పంపేస్తాను.

నేను ఆ రోజు బంతిని చూడలేదు. అది అబద్ధం కాదు. రైలు కాలు ఎత్తగానే నేను నాన్న వైపు తిరిగాను. కానీ ఆట అయ్యాక ఇంకోటి చూశాను, అది చెప్పలేదు.

గోలు గీత ఎలా గీస్తారో నీకు తెలియదు. గడ్డిలో గీత రెండు కొసలా రెండు ఇనప మేకులు దిగేసి ఉంటాయి. వాటికి తాడు కడతాం, తాడు వెంట సున్నం పోసుకుంటూ పోతాం. కంటిని నమ్మకూడదు, మేకునే నమ్మాలని నాకు నేర్పిన ముసలాయన వంద సార్లు చెప్పాడు. ఆ మ్యాచ్‌కి వారం ముందు ఉత్తరం వైపు గోలు స్తంభాలు పుచ్చిపోయాయని కొత్తవి వేశాం. పాత గొయ్యిని వెడల్పు చేసి, స్తంభాలని దాని వెనక అంచుకి ఆనించి సిమెంటు పోశాం. అంటే స్తంభాలు కాస్త వెనక్కి జరిగాయి. మేకులు కూడా అంత వెనక్కి జరపాలి. నేను జరపలేదు. మర్చిపోయాను, అంతే. మ్యాచ్ రోజు పొద్దున వాన పడి గీతలన్నీ పోయాయి. గంటలో మళ్ళీ గీయాలి. మేకుకి తాడు కట్టాను, సున్నం పోశాను. నేల బురదగా ఉందని గోలు నిండా రంపపు పొట్టు చల్లాను. స్తంభం మొదలు ఎవరికీ కనిపించలేదు, నాకు కూడా.

అందరూ వెళ్ళిపోయాక గుంటలు పూడ్చడానికి వెళ్ళాను. పొట్టు తీస్తుంటే అనుమానం వచ్చింది. గీతకీ స్తంభానికీ మధ్య చేయి పెట్టి చూశాను. నాలుగు వేళ్ళు పట్టాయి. పిడుగూ, గీత నాలుగు వేళ్ళు ముందుకి ఉంది.

బావ స్తంభాన్ని బట్టి బంతిని పట్టాడు. లైన్‌మన్ సున్నాన్ని బట్టి జెండా ఎత్తాడు. గీత ఉండాల్సిన చోట ఉంటే ఆ బంతి దాటలేదు. దాటలేదని బావ చెప్పింది అక్షరాలా నిజం.

అప్పుడే మళ్ళీ వాన అందుకుంది. నా కళ్ళ ముందే సున్నం కరిగిపోయింది. మర్నాడు తెల్లారకముందే మేకులు జరిపేశాను.

ఇంటికి వెళ్ళేసరికి నాన్న మేలుకుని ఉన్నాడు. నాలుగు నెలలుగా లేవని మనిషి గోలు పడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడని నీకు తెలుసు కదా. నా మెడ చుట్టూ చేతులు వేసి, "పంతొమ్మిదేళ్ళురా. ఇక నాకు చాలు" అన్నాడు. నలభై ఏళ్ళు రేవులో క్రేను నడిపిన మనిషి, ఆ చేతుల్లో బలమే లేదు. ఆ చేతులు ఇంకా నా మెడ మీద ఉన్నట్టే ఉంది, బయట బావ పిలిచాడు. లోపల నాన్న గోలు గురించి చెబుతూనే ఉన్నాడు, మెట్ల మీదకి వినిపిస్తోంది. నా నోట వచ్చింది ఆ ముక్కే.

నాన్న పోయాక చెప్పి ఉండొచ్చు. అప్పటికి రెండు నెలలు ఆలస్యమైంది. రెండు నెలలు ఆలస్యంగా చెప్పడానికి సిగ్గుపడి ముప్పై ఒక్క ఏళ్ళు చేశాను. ఊరంతా నన్ను గీత తప్పనివాడు అనేది. ఆ పేరు పోతుందని కూడా భయపడ్డాను, అదీ రాస్తున్నాను, దాచను.

దీంతో ఇంకో కాగితం పెట్టాను. తప్పు నాదని, గోలీది కాదని రాసి సంతకం చేశాను. ఆ పేజీలో అచ్చు వెయ్యి. ఒక్క అక్షరం మార్చకు.

నువ్వు ఇక నాకు రాయకపోయినా నీ తప్పు లేదు.

అన్నయ్య


ఇల్లు
ఆగస్టు 12

అన్నయ్యా,

పదకొండు రోజులు నీ ఉత్తరం నా ప్రూఫుల సొరుగులో ఉంది. రోజూ తీసి చదవడం, ఏడవడం, లోపల పెట్టడం. నిన్ను తిట్టుకున్నంత తిట్టు నా జన్మలో ఎవరినీ తిట్టుకోలేదు. నాన్న లేచి నిలబడ్డ సంగతి గుర్తొచ్చి ఆగిపోయేదాన్ని. మళ్ళీ ఆ తడి జెర్సీ గుర్తొచ్చేది. ఇటు పుట్టిల్లు, అటు మెట్టినిల్లు, మధ్యలో పీట వేసుకుని కూర్చోవడం నా తలరాత.

అన్నయ్యా, నీ మీద కోపం మాత్రమే అయితే పదకొండు రోజులు పట్టేది కాదు. నేను నీకు చెప్పనిది ఒకటుంది. ఆ రోజు నేను మూల జెండా పక్కన కూర్చున్నాను. గీత వెంబడి సూటిగా చూపు పడే చోటు అది. బంతి దాటడం నేను చూశాను. ఇంటికి వచ్చాక ఆయన అడిగారు, "నువ్వైనా చెప్పు, దాటిందా?" అని. "దాటింది" అన్నాను. ఆయన మళ్ళీ ఇంకెవరినీ అడగలేదు. ఇన్నేళ్ళూ ఆయన తప్పు చేసి ఒప్పుకోలేకపోతున్నారనే నేను అనుకున్నాను. పైకి ఓదార్చాను, లోపల నమ్మలేదు. ఇది నీ తప్పు కంటే చిన్నదేమీ కాదు.

మొన్న ఆదివారం పొద్దున టీ ఇచ్చి, నీ ఉత్తరం ఆయన ముందు పెట్టాను. దస్తూరీ చూసి లేవబోయారు. "చదివాక చెప్పులు వేసుకోండి" అన్నాను.

చదివారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివారు. తర్వాత నా టైలరింగు సుద్దముక్క తీసుకుని వంటింటి గుమ్మం దగ్గర కూర్చున్నారు. గుమ్మానికి నాలుగు వేళ్ళు ఇవతల నేల మీద ఒక గీత గీశారు. దిండుని చుట్టచుట్టి తాడుతో కట్టి బంతిలా చేశారు. ద్వారబంధానికి భుజం ఆనించి పక్కకి ఒరిగి దాన్ని పట్టుకున్నారు, యాభై ఎనిమిదేళ్ళ మనిషి, నడుం పట్టేస్తుందని నేను అంటున్నా వినకుండా.

"నువ్వు ఆ గోడ దగ్గరికి వెళ్ళి గీత వెంబడి చూడు. ఏం కనిపిస్తోంది?"

చూశాను. "దాటింది" అన్నాను. అదే మాట.

"నాకు ఇక్కడ దాటలేదు. నా భుజానికి కర్ర తెలుస్తోంది. బంతిలో కొంత ఇంకా ఇటే ఉంది."

గీత వైపు మళ్ళీ చూశారు. "అయితే నువ్వూ నిజమే చెప్పావు" అన్నారు. దిండు ఒళ్ళో పెట్టుకుని గుమ్మం మీద కూర్చుండిపోయారు. నవ్వుతున్నారనుకున్నాను, దగ్గరికి వెళ్తే ఏడుస్తున్నారు. "నాకే మతి చలించిందనుకున్నానే. అందరూ చూసినదాన్ని నేనొక్కణ్ణే కాదంటున్నానని, నా చేతులే నాకు అబద్ధం చెబుతున్నాయని అనుకున్నాను" అన్నారు. ఆ చేతులు పట్టుకుని నేనూ కూర్చున్నాను. టీ చల్లారిపోయింది, ఎవరమూ తాగలేదు.

నీ సంతకం కాగితం ఆయన జేబులో పెట్టుకున్నారు. అచ్చుకి ఇవ్వమంటే, "ముందు ఒకచోటికి వెళ్ళి రావాలి" అన్నారు. ఎక్కడికో చెప్పలేదు. నీ గురించి మంచీ అనలేదు, చెడ్డా అనలేదు. నేను అడగడానికి భయపడ్డాను.

నీ చెల్లెలు


మిల్లు, మెకానిక్ షెడ్డు
ఆగస్టు 19

బావగారికి,

మీ ఉత్తరం మీ చెల్లెలు చూపించింది. మీరు అని మొదలుపెట్టాను గానీ రెండో వాక్యానికే చేయి మొరాయిస్తోంది. నువ్వు అనే రాస్తాను. నాకు ఉత్తరాలు రాయడం రాదు, మరలు విప్పినట్టు ఒక్కొక్కటీ తీసి పెడతాను.

మొదట నాకు నీ మీద ఒళ్ళు మండింది. ఆదివారం పొద్దున నుంచి సోమవారం మధ్యాహ్నం దాకా మండింది. అది నీకు తెలియాలి. కుర్రతనంలో ఆట వదిలేశాను. షెడ్డులో నలుగురు నవ్వుకుంటుంటే నా గురించేననుకునే అలవాటు పట్టుకుంది, అది ఇప్పుడు పోతుందో లేదో తెలియదు. ఊరుకున్నాను కదా అని తేలిగ్గా తీసుకోకు.

శుక్రవారం షిఫ్టు దిగాక నీ కాగితం జేబులో పెట్టుకుని రైలు దగ్గరికి వెళ్ళాను. ముందు అతనికి చూపించి, ఆ తర్వాత అచ్చుకి ఇద్దామని. రేవు గేటు ఎదురుగా సైకిళ్ళు బాగుచేసుకుంటున్నాడు. మోకాళ్ళు రెండూ పోయాయి, స్టూలు మీద కూర్చునే పని. నేను వెళ్ళేసరికి ఎవరో ఇద్దరు సైకిలు కోసం ఆగి ఉన్నారు, వాళ్ళకి ఆ గోలే చెబుతున్నాడు. నేను వెనక నిలబడ్డాను, నన్ను చూడలేదు.

బావా, అతని కథలో నేను ఆరడుగులు గాల్లోకి ఎగిరాను. అంత ఎగరలేదు, నీకు తెలుసు. "ఆ గోలీ చేతికి అందిన బంతి తిరిగి రావడం నేను ఎప్పుడూ చూడలేదు. అందరి మీదా కొట్టాను గానీ, ఆ ఒక్కడి మీద కొట్టాక ఇక ఆట మానేసినా ఫరవాలేదనిపించింది" అన్నాడు. పంపుతో గాలి కొడుతూనే చెబుతున్నాడు. మా మిల్లువాళ్ళ దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళుగా వినని మాట ఆ రేవువాడి నోట విన్నాను. అతను ఇది ఎన్నేళ్ళుగా చెబుతున్నాడో ఎవరికి తెలుసు. నేను ఆ వీధిలోకి వెళ్ళనే లేదు కదా.

తర్వాత వెనక్కి తిరిగి నన్ను చూశాడు. స్టూలు మీంచి లేవబోయాడు, లేవలేకపోయాడు. నేనే వంగాను. చాలాసేపు కూర్చున్నాం. నా సైకిలు చెయిను బిగించి ఇచ్చాడు. కాగితం జేబులోంచి తీయలేదు. తీయలేకపోయాను, అతని దగ్గర ఆ ఒక్క గోలే ఉంది. మామయ్య కూడా దాన్ని చూసే లేచి నిలబడ్డారు. పోయిన మనిషి దగ్గరనుంచి అది వెనక్కి తీసుకుని నేనేం చేసుకుంటాను?

అందుకని నీ కాగితం అచ్చు వేయొద్దని మీ చెల్లెలికి చెప్పాను. నా మీద అరిచింది. నీ అంత మొండి మనిషినని అంది. చివరికి ఆ కార్యదర్శుల వాక్యం కొట్టేసి రెండు వాక్యాలు తనే రాసింది: "గోలీ బంతిని పట్టుకున్నాడు. లైన్‌మన్ జెండా ఎత్తాడు." రెండూ నిజాలే. కార్యదర్శులిద్దరూ గొణుక్కున్నారు గానీ ఎదురు చెప్పడానికి వాళ్ళకి ఏమీ దొరకలేదు. పేజీ రేపు మిషను ఎక్కుతుంది.

నడుస్తానని కబురు పెట్టాను. పాత జెర్సీ పొట్ట దగ్గర పట్టడం లేదు, మీ చెల్లెలు పక్కలు విప్పి గుడ్డ అతుకుతోంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ గోలు కోసమే నేను ఇన్నేళ్ళు బాధపడ్డానని మీ చెల్లెలు అనుకుంటోంది. మొదటి ఏడాది నిజమే. తర్వాతది వేరు. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. పెళ్ళితో ఒక బావ దొరికాడు. రెండేళ్ళు. సాయంత్రం మీ మెట్ల మీద కూర్చుని నువ్వు మా జట్టునీ, నేను మీ జట్టునీ దుమ్మెత్తి పోసుకునేవాళ్ళం. మీ అమ్మ ఎన్నిసార్లు పిలిచినా లోపలికి వెళ్ళేవాళ్ళం కాదు. నన్ను అంత బాగా తిట్టినవాడు మళ్ళీ నాకు దొరకలేదు.

ఆ సాయంత్రం నువ్వు "గీత తప్పు గీశాను బావా" అని ఉంటే నేను నీ నెత్తి మీద ఒక్కటి మొట్టి, లోపలికి వెళ్ళి మామయ్యతో కలిసి కూర్చునేవాణ్ణి. బయట ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. నీ కోసం ఆ నింద మోసి ఉండేవాణ్ణి, దర్జాగా మోసి ఉండేవాణ్ణి. నువ్వు తెలియనివ్వలేదు. కప్పు పోతే పోయింది. నువ్వెందుకు పోయావు బావా?

మ్యాచ్ పన్నెండో తారీఖున. నాలుగు రోజుల ముందే రా. సెలవు ఇవ్వరని సాకు చెప్పకు. మీ చెల్లెలికి ఏ బస్సో చెప్పకు, స్టాండులో అందరి ముందూ ఏడుస్తుంది. నాకు రాయి. నేను వచ్చి తీసుకెళ్తాను.

బావ